గోగు ఎరగని బోర్డు

కంపెనీ వార్షిక నివేదిక చేతికొస్తే ఎవరైనా లాభమెంత, నష్టమెంత అని చూస్తారు. నేను డైరెక్టర్ల పేజీ తీస్తాను. వాళ్ళ పేర్లు నాకక్కర్లేదు, ఫొటోలు అంతకన్నా అక్కర్లేదు. ఈ కుర్చీలోకి రాకముందు ఈ మనిషి ఏ పని చేసేవాడు? అది కావాలి. పంచదార కంపెనీ బోర్డులో ఒక్కసారైనా చెరుకు నరికినవాడు ఉన్నాడా అని వెతుకుతాను. చేపల కంపెనీలో వల విసిరినవాడు ఉన్నాడా అని చూస్తాను. పెద్ద ఉద్యోగాలు చేసి దిగినవాళ్ళు ఉంటారు, ఆడిటర్లు ఉంటారు, లాయర్లు తప్పకుండా ఉంటారు. మా ఇంట్లోవాళ్ళకి ఇది ముసలి చాదస్తం. పాతికేళ్ళ వయసునుంచీ ఉన్న చాదస్తానికి ముసలితనాన్ని ఆడిపోసుకోవడం ఏం న్యాయం?

మాది శృంగవరపుకోట పక్కన మెట్ట ఊరు. మేం దాన్ని కోట అనేస్తాం. కొండవాలు ఎర్రనేల. వరి పండే మడులు కొద్దిమందికే ఉండేవి. మిగిలినవాళ్ళం గోగు వేసేవాళ్ళం. గోగు అంటే ఇప్పటి పిల్లలకి పచ్చడి గుర్తొస్తుంది. నేను చెప్పేది నార గోగు. మనిషిని మించి ఎదుగుతుంది. కోసి, కట్టలు కట్టి, నీళ్ళలో ఊరేసి, కుళ్ళిన బెరడును చేత్తో ఒలిచి నార తీస్తాం. ఆ రోజుల్లో నడుంలోతు నీళ్ళలో నిలబడి వచ్చినవాడి పక్కన భోజనానికి ఎవరూ కూర్చోరు. వాసన ఒంటికి కాదు, గోళ్ళకి పడుతుంది. మా అమ్మ తమ్ముడు, అంటే మా మావ, మా చుట్టుపక్కల అందరికన్నా మంచి నార తీసేవాడు. నాన్న పోయాక నేను ఆయన దగ్గరే పెరిగాను.

నా చదువు మూడో తరగతితో ఆగింది. ఆ తరవాత చదివిందంతా కొట్లో పొట్లం కట్టిన పత్రికల్లోనూ, కోట గ్రంథాలయంలోనూ, అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులోనూ. బడికెళ్ళి చదివినవాళ్ళ కన్నా ఎక్కువ చదివానని అప్పుడూ అనుకునేవాణ్ణి, ఇప్పుడూ అనుకుంటాను.

అరవైల ఆఖరు. కొత్తవలస దగ్గర చీలి కొండలమీదికి పోయే రైలు మార్గం కొత్తగా నడుస్తోంది. రైలు వచ్చింది కాబట్టి మిల్లు కూడా రావాలని విజయనగరం పెద్దమనుషులకి తోచింది. గోగునార మిల్లు, పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ. షేర్లు అమ్మడానికి కార్లలో మా ఊరు వచ్చారు. మా రచ్చబండ మీద నిలబడి వాళ్ళలో పెద్ద లాయరు మాట్లాడాడు. ఆయనే కంపెనీ చైర్మను. మంచి గొంతు, అబద్ధమాడను.

"ఇది మా మిల్లు కాదు, మీ మిల్లు. నార మీది, మిల్లు మీది. రేపు బోర్డులో ఆరుగురం ఉంటాం. ఏడో కుర్చీ మీ రైతుది. మీరే ఎన్నుకోండి" అన్నాడు.

ఆ ఏడో కుర్చీ కోసమే మావాళ్ళు షేర్లు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. దానికి కారణం ఉంది. అప్పటిదాకా మా నార కొనేది కోటలో ఒక దళారి. అతను కట్టలోంచి గుప్పెడు లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని, "మూడో రకం" అనేవాడు. అది వేదం. ఒకసారి మా మావ, "ఏటి బాబూ, ఎండిలాగ మెరిసే నారని మూడో రకమంటావేటి, కళ్ళు మూసుకు సూస్తన్నావా?" అని నిలదీశాడు. ఆరోజునుంచి మా మావ ఎలాంటి నార తెచ్చినా మూడో రకమే. ఊరంతటికీ అదే భయం. నార రకం చెప్పేవాడు ఎప్పుడో ఒకప్పుడు నార తీసినవాడై ఉండాలి: మా మావకి కావలసింది అదొక్కటే. బోర్డులో రైతు ఉంటే కాటా దగ్గర ఎవరు నిలబడాలో, రకం ఎలా కట్టాలో ఆ రైతు చెప్పగలడు. లేకపోతే మిల్లు వచ్చినా ముక్కు ఆ దళారిదే.

తరవాత కంపెనీ వాళ్ళ పుస్తకం వచ్చింది, ప్రాస్పెక్టస్ అంటారు. అంతా ఇంగ్లీషు. సంతరోజు కోటలో టీ దుకాణం బెంచీ మీద కూర్చుని, నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని, డైరెక్టర్ల పేజీ మావాళ్ళకి చదివాను. ఒక్కొక్కరూ ఏ వృత్తివారో అందులో అచ్చువేశారు.

"చైర్మను, న్యాయవాది" అన్నాను.

"ఆ బాబు కోడిని పట్టుకుని బాతని జడ్జీ సేత అనిపించగలడు. ఉండాలి మరి" అన్నాడు టీ దుకాణం వాడు.

"రెండో ఆయన డాక్టరు."

"మంచిదే. గోగు నీల్లలో కాళ్ళు పాసిపోతే మందు రాస్తాడు."

"మూడో ఆయన డిప్యూటీ కలెక్టరు చేసి దిగాడు."

"ఆయనా? మనూరు గాలివానకి కూలిపోతే సూడ్డానికొచ్చి జీపు దిగనేదు. పాదాలకి మన్నంటుకుంటాదని."

నాలుగో ఆయన సినిమా హాలు యజమాని, అయిదో ఆయన మాంగనీసు గనుల కంట్రాక్టరు. "రాయి తెలిసినోడికి నారేటి తెలుస్తాది?" అన్నారెవరో. ఆరో ఆయన ఒక పాత జమీందారు కుటుంబం వాడు. ఆయన వృత్తి దగ్గర నేను ఆగిపోయాను. నిఘంటువు రెండుసార్లు చూశాను.

"ఏటి, సెప్పవేటి?" అన్నాడు మావ.

"వ్యవసాయదారు అని ఉంది, మావా."

అందరూ బెంచీలు కదిలేలా నవ్వారు. ఆ దొరగారు మామిడితోటలో పరుపు వేయించుకుని పగలంతా పేకాడతాడని జిల్లా అంతా ఎరుగును. "ముక్కలు కలపడం కూడా సాగే కదేటి" అని టీ దుకాణం వాడు గ్లాసులు కడుగుతూనే అన్నాడు.

మావ నవ్వలేదు. "ఆల్లు ఏటైనా అవనీ. ఏడోది కాళీగానే ఉన్నాదా?" అన్నాడు.

"ఖాళీయే."

"అయితే సాల్లే."

ఏడో కుర్చీకి మా మావనే అనుకున్నారు ఊళ్ళో. అనుకున్నంత మాత్రాన అయిపోదు. అందరూ కలిసి మా అరుగు దగ్గరికి వచ్చి అడిగారు. మావ, "నానేటి, నాకేటి తెలుసు? ఇంకెవర్నేనా సూసుకోండి" అన్నాడు. మళ్ళీ అడిగారు. లోపల్నుంచి అత్త, "ఆ మొండి మనిసి మీకెందుకు బాబూ, ఇంటికాడ గొడ్లనే సరిగ్గా కాయడు" అని కేకేసింది. ఆవిడకి లోలోపల ఎంత సంతోషమో నాకు తెలుసు. అయినా ఆవిడ కూడా ఒకమాటు కాదనాలి. అది మా పద్ధతి. గౌరవం ఇస్తామంటే వెంటనే ఔననేవాడు, విస్తరి వెయ్యకముందే వచ్చి పంక్తిలో కూర్చున్నవాడితో సమానం. రెండు మూడు సార్లు బతిమాలాక మావ తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుని, "మీ అందరి మాటా తీసీనేక ఒప్పుకుంటన్నాను" అన్నాడు. అందరూ చుట్టలు వెలిగించారు.

సర్వసభ్య సమావేశం విజయనగరంలో, ఆ నాలుగో డైరెక్టరుగారి సినిమా హాల్లోనే పెట్టారు. పొద్దున్న మీటింగు, మధ్యాహ్నం ఆట. మావ తెల్లారకుండా లేచి చింతపండుతో గోళ్ళు తోముకున్నాడు. బస్సులో నేను కూర్చోలేకపోయాను. సీటు ఉన్నా కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. నేను లేచి మావ పేరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, ఆయన సమ్మతి అడుగుతారు, అక్కడే కాగితం మీద సంతకం చేయించుకుంటారు. ఇదంతా కంపెనీ ఆఫీసుకి ముందే పోయి కనుక్కున్నాను, నోటీసు కూడా ఇచ్చాను. అయినా దారంతా నా మాటలు నేనే వల్లె వేసుకుంటూ, విజయనగరం పొలిమేరకి చేరేసరికి సగం మర్చిపోయాను.

హాల్లోకి వెళ్ళగానే మావాళ్ళందరూ తిన్నగా తెర ముందున్న నేల క్లాసుకి పోయి చతికిలబడ్డారు. వెనక కుర్చీలన్నీ ఖాళీ. నాకు ఒళ్ళు మండింది.

"బావా, లెగండి. ఇవాళ మనం ప్రేక్షకులం కాదు, యజమానులం. కుర్చీల్లో కూచోండి."

"టిక్కెట్టు నేకండా కుర్సీల కూకుంటే గెంటీరేటి?" అన్నాడు మా వీధి బావ. కదల్లేదు. పైన తెర ముందు వేదిక మీద డైరెక్టర్లు. వాళ్ళ కాళ్ళ ముందు నేల మీద మేం.

లెక్కలు ఇంగ్లీషులో చదివారు. చప్పట్లు కొట్టమన్నప్పుడు కొట్టాం. దొరగారు కునుకు తీస్తున్నారు. అప్పటికే బయట మధ్యాహ్నం ఆటకి జనం చేరి తలుపులు తడుతున్నారు. హాలు యజమాని మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. నేను మోకాళ్ళ మీద కూర్చునీ, లేచీ, మళ్ళీ కూర్చునీ, వెనకవాడి చేత తిట్లు తిన్నాను. ఆఖరికి ఏడో కుర్చీ మాట వచ్చింది. లేచి ప్రతిపాదించాను. మాటలు తప్పలేదు. టీ దుకాణం వాడు, అతనూ షేరు తీసుకున్నవాడే, బలపరిచాడు.

చైర్మను చిరునవ్వు నవ్వి కొంచెం ముందుకు వంగాడు. "పెద్దాయనా, మీవాళ్ళు మిమ్మల్ని కోరుతున్నారు. మరి తమకు సమ్మతమేనా?"

మావ లేచాడు. తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. చేతులు జోడించాడు. "నానేటి బాబూ, నా బతుకేటి? తవరంతా సదూకున్న పెద్దలు. తవర సరసన కూకోడానికి నానేపాటోణ్ణి?"

నాకు ఆ మాటలు వింటూంటే సంతోషమేసింది కూడా. ఎంత పద్ధతిగా అన్నాడు అనుకున్నాను. ఇంక చైర్మను "అలా అనకండి" అంటాడు, మావ ఇంకోమాటు అంటాడు, తరవాత సంతకం.

చైర్మను పక్కకి తిరిగి సెక్రటరీతో, "వారు నిరాకరించారు. రాసుకోండి" అన్నాడు.

అంతే. సెక్రటరీ కలం కదిలింది. మావ ఇంకా చేతులు జోడించుకునే నిలబడి ఉన్నాడు.

"కాబట్టి ఈ స్థానానికి మన కోట వర్తకులు..." అంటూ చైర్మను ఆ దళారి పేరు చెప్పాడు. గోగు వ్యాపారంలో అనుభవం గల వృత్తి నిపుణులని కూడా అన్నాడు. దళారి ఎప్పుడొచ్చాడో, ముందు వరస కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాడు. అతను మాత్రం "నేనేపాటివాణ్ణి" అనలేదు.

నేను అరిచాను. "ఆయన కాదనలేదండీ! అది మా మర్యాద! మళ్ళీ అడగండి!"

"ఒకసారి అడిగాం కదయ్యా, అందరి ముందూ. కంపెనీ చట్టంలో బతిమాలమని ఎక్కడుంది? చదువుకున్నవాడిలా ఉన్నావు, చూపించు" అన్నాడు చైర్మను. వేదిక మీద నవ్వులు. డాక్టరు కూడా నవ్వాడు.

"రైతు ఉండాలని మీరే చెప్పారు!"

"వ్యవసాయదారు ఉన్నారుగా బోర్డులో" అని దొరగారి వైపు చూపించాడు. ఆయన తన మాట వచ్చిందని కళ్ళు తెరిచాడు. అప్పుడు చైర్మను మా మావ వైపే తిరిగి, ఇంకా మెత్తగా, "పెద్దలు తమరే ఈ వర్తకులకి ఆశీర్వాదం ఇవ్వాలి. చెయ్యెత్తండి" అన్నాడు.

పదిమందిలో పెద్దమనిషి చెయ్యెత్తమంటే ఎత్తకపోవడం మా మావకి తెలియదు. ఎత్తాడు. ఆయన ఎత్తాడు కదా అని నేల మీద కూర్చున్న ఊళ్ళన్నీ ఎత్తాయి. తలుపులు తీశారు. ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళు మమ్మల్ని తోసుకుంటూ లోపలికి వచ్చి మేం కూర్చున్న నేల మీదే కూర్చున్నారు.

తిరుగు బస్సులో నేను నోరు మూయలేదు. ఆ లాయరుకి తెలియక కాదు మావా, అన్నాను. అతనూ ఈ జిల్లా మనిషే.

"తెల్దనెవుడన్నాడు?" అన్నాడు మావ కిటికీలోంచి చూస్తూ. "ఎవులింట పెల్లికి పిలిసినా అయిదారు మాట్లు బతిమాలిందాకా పీట మీద కూకోడు ఆ బాబు."

"నువ్వొక్కసారి ఔననేస్తే పోయేది కదా!"

"ఎలగంటానురా? అడగ్గానే ఔనంటే నన్ను ఊళ్ళో ఏటంటారు? కుర్సీకి మొకం వాసిపోనాడంటారు."

నాకు ఆయన మీద కోపం, చైర్మను మీద కోపం, నవ్విన డాక్టరు మీద కోపం. ఇది రాస్తూ ఇప్పుడు కూడా లేచి గదిలో అటూ ఇటూ తిరిగి వచ్చాను. మోసానికి గురైనవాణ్ణి చూసి జాలి పడమంటారు. వాడి మర్యాదనే తాడు చేసి వాణ్ణి కట్టేసినప్పుడు ఎవరి మీద ఏం పడాలి? ఏ పుస్తకంలోనూ నాకు సమాధానం దొరకలేదు.

మిల్లు నడిచింది. కాటా దగ్గర దళారి మనుషులే నిలబడ్డారు. మా మావ నార మూడో రకమే. ఇప్పుడు "మూడో రకం" అన్నది డైరెక్టరుగారు కాబట్టి నిలదీయడానికి ఎవరి దగ్గరికి పోవాలో కూడా తెలియలేదు.

మరుసటి ఏడు సమావేశానికి మళ్ళీ వెళ్ళాం. ఏటా బోర్డులో కొందరు దిగి మళ్ళీ ఎన్నిక కావాలి. ఆసారి దళారి వంతు. కంపెనీ ఆఫీసులో మావ పేరుతో నోటీసు ఇచ్చి వచ్చింది నేనే. ఊళ్ళో మాత్రం ఈసారి మా అరుగు దగ్గరికి ఎవరూ రాలేదు, మావ ఎవర్నీ రమ్మనలేదు. అదే హాలు, అదే నేల. చైర్మను దళారి పేరు చెప్పడం పూర్తి కాకముందే మా మావ లేచాడు. ఎవరూ అడగలేదు. తువ్వాలు భుజం మీదే ఉంచాడు.

"నాను నిలబడతన్నాను. నాకు సమ్మతమే. అడగక్కర్నేదు, రాసుకోండి" అన్నాడు.

చైర్మను మొహంలో నవ్వు పోయింది. నేల మీదున్న మేం వేదిక మీదివాళ్ళకన్నా ఎంతో ఎక్కువమందిమి. చేతులెత్తమన్నారు. నేనెత్తాను. టీ దుకాణం వాడెత్తాడు. తక్కినవాళ్ళు తల వంచుకుని నేలమీద గీతలు గీస్తున్నారు. నేను మా వీధి బావ భుజం పట్టుకుని ఊపాను. అతను నా చెయ్యి విదిలించుకున్నాడు. చైర్మనుకి లెక్కపెట్టే పని కూడా లేకపోయింది.

బయటికి వచ్చాక హాలు మెట్ల మీదే బావని పట్టుకున్నాను. "ఎందుకెత్తలేదు?"

"ఏటి బావా, అలగ నోరిడిసి అడిగీసుకుంటే మనిసికేటి ఇలువుంటాది? సిగ్గుతో సచ్చిపోనాను."

"సిగ్గు కాదు, నిజం చెప్పు."

అతను మావ వైపు చూశాడు. మావ అక్కడే నిలబడి వింటున్నాడు. "ఈయేడు మాది రెండో రకమన్నాడు మావా" అన్నాడు నెమ్మదిగా. "మళ్ళీ మూడుకి దించీస్తే పిల్లల్నేటి సెయ్యను? ఎలగెత్తమంటావు సెయ్యి?"

నేను తిట్టబోయాను. మావ నా నోటికి తన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒగ్గీరా. ఆడు నిజం సెప్పినాడు. ఆ పైనున్నోల్లలో ఒక్కడు సెప్పినాడేటి?" అని బస్సు వైపు నడిచాడు.

ఆ ఏడాది మా మావ నార ఒక్క కట్ట కూడా మిల్లుకి వెళ్ళలేదు. చెప్పి మానలేదు, పంతం పట్టినట్టూ కనిపించలేదు. నార ఆరగానే కట్టల్ని ఇంట్లోకి చేర్చి, అత్తనీ నన్నూ కూర్చోబెట్టుకుని తాళ్ళు పేనడం మొదలుపెట్టాడు. పలుపులు, పగ్గాలు, మంచాలకి నులక, నూతి చేంతాళ్ళు. కోట సంతలో వేపచెట్టు కింద పరిచాం. కొనడానికి వచ్చిన బండివాడొకడు ఒక పగ్గం ఎత్తి, "ఇది ఏ రకం మావా?" అన్నాడు.

"లాగి సూడు" అన్నాడు మావ.

బండివాడు ఒక కొస కాలికింద తొక్కిపట్టి, రెండు చేతులా లాగాడు. మెడ నరాలు పొంగాయి. మళ్ళీ లాగాడు. తాడు కిర్రుమంది తప్ప తెగలేదు. ఇంకేమీ అడక్కుండా రెండు తీసుకున్నాడు.

అంత పంటా తాళ్ళుగా పోతుందా? పోదు. అటక మీద నార మిగిలిపోయింది, ఎలకలు గూళ్ళు పెట్టాయి. మరుసటి వానకి సగం చేనులో చోళ్ళు, అదే రాగులు, చల్లాడు. తాళ్ళతో ఇల్లు గడవదని నాకు తెలుస్తూనే ఉంది. బండివాడు పగ్గాలు కొన్న ఆ సంత రోజున కూడా విజయనగరం రోడ్డు మీద మా ఊరి నార కట్టలతో మిల్లు లారీ పోతోంది. నేను లేచి నిలబడ్డాను. లారీ మలుపు తిరిగేదాకా చూశాను.

"మావా, వచ్చే ఏడు వేరే ఊళ్ళవాళ్ళని ముందే కూడగడితే..." అని మొదలుపెట్టాను. "కొత్తవలస వైపు వాళ్ళు నాతో మాట్లాడారు. దళారికి భయపడనివాళ్ళు కూడా ఉన్నారు."

ఆయన నారపాయలు మోకాలి మీద కలుపుతున్నాడు. తల ఎత్తలేదు.

"సెప్దువుగాని కూకో. ముందా కొస గట్టిగా పట్టు, పురి ఇడిపోతన్నాది."

కూర్చుని పట్టుకున్నాను. నా చూపు మాత్రం రోడ్డు మీదే ఉంది.